లెక్క అడిగేవాడు బయటినుంచి వస్తే

(బెంగళూరులో తెలుగు మిత్రులు ఒక ఆదివారం ఉదయం ఏర్పాటు చేసిన సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. సభికుల ప్రశ్నలు కొన్ని చివర్లో చేర్చాం.)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే వైట్‌ఫీల్డ్ నుంచి, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి అంత దూరం పడి అవినీతి మీద ఉపన్యాసం వినడానికి ఇంతమంది వచ్చారంటే, టిఫిన్ ఎక్కడినుంచి తెప్పిస్తున్నారో నిర్వాహకులు ముందే చెప్పేసి ఉంటారు.

నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది. తొంభైల చివర్లో మన ఉమ్మడి రాష్ట్రంలో 'ప్రపంచ బ్యాంకు ఏజెంటు' అన్నది ఒక తిట్టు. కరెంటు ఛార్జీలు పెంచితే ప్రపంచ బ్యాంకు, ఉద్యోగాలు ఆపితే ప్రపంచ బ్యాంకు. 1998లో రాష్ట్రం ఆ బ్యాంకు దగ్గర పెద్ద అప్పు తెచ్చుకున్నాక ఆ తిట్టుకు మరీ గిరాకీ పెరిగింది. అందులో కొంత న్యాయం కూడా ఉంది కానీ, ఇవాళ దాని జోలికి పోను. ఇదే ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్యసమితి సంస్థలు, ఆసియా అభివృద్ధి బ్యాంకు, పెద్ద దేశాల సహాయ సంస్థలు, వీళ్లంతా పాతికేళ్లకు పైగా 'మీ దేశంలో అవినీతి తగ్గించుకోవడానికి మేం సాయం చేస్తాం' అంటూ వస్తున్నారు. ఆ సాయం ఎలా ఉంటుంది, ఎక్కడ పనిచేసింది, ఎక్కడ బెడిసికొట్టింది అన్నది ఇవాళ్టి విషయం.

నేను ఆర్థికవేత్తను కాను. ప్రభుత్వ లెక్కల ఆడిట్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. విదేశీ నిధులతో నడిచే ప్రాజెక్టుల ఫైళ్లు బాగానే చూశాను. కాబట్టి నా చూపు ఎప్పుడూ బిల్లుల మీదకే పోతుంది, ఏమనుకోకండి.

ముందు ఒకటి తెలుసుకోవాలి. ఈ సంస్థలకు పోలీసులు లేరు. ఎవరింటి మీదా దాడి చేయలేరు, ఎవర్నీ అరెస్టు చేయలేరు. డబ్బిస్తారు, ఇచ్చే డబ్బు ఆపుతారు. తప్పు చేసిన కంపెనీ పేరు బయటపెట్టి ఇక మా పనులు నీకివ్వం అంటారు. ఎక్కడెంత పోతోందో కొలుస్తారు. ఇక సలహాలు, శిక్షణలు, వర్క్‌షాపులు ఎలాగూ ఉంటాయి. ఇన్నిట్లో కొలవడమే వాళ్లకు బాగా చేతనైన పని అని నా అభిప్రాయం. దాన్నే వాళ్లు అన్నిటికన్నా తక్కువ చేస్తారు.

1996కు ముందు ప్రపంచ బ్యాంకు అవినీతి గురించి పైకి మాట్లాడేదే కాదు. రాజకీయాల్లో తలదూర్చకూడదని దాని వ్యవస్థాపక ఒప్పందంలో ఉంది. లంచాలు రాజకీయం కిందికి వస్తాయి, మనకెందుకు అని ఊరుకునేవాళ్లు. లోపల తెలియనివాడు ఒక్కడూ లేడు. పీటర్ ఐగెన్ అనే జర్మన్ అధికారి నైరోబీలో ఉండి తూర్పు ఆఫ్రికాలో బ్యాంకు పనులు చూసేవాడు. ఈ వ్యవహారం మింగుడుపడక బయటికొచ్చి, 1993లో బెర్లిన్‌లో ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ పెట్టాడు. అవినీతిలో మన దేశం ఎన్నో ర్యాంకు అని ఏటా పేపర్లో చూస్తామే, ఆ జాబితా వాళ్లదే. 1995లో మొదలైంది. ఆ మరుసటి ఏడు అక్టోబర్‌లో బ్యాంకు అధ్యక్షుడు జేమ్స్ వుల్ఫెన్సన్ వార్షిక సమావేశంలో అవినీతిని క్యాన్సర్‌తో పోల్చి మాట్లాడాడు. అప్పుడు గానీ ఆ సంస్థలో జనానికి నోరు రాలేదు.

అంతకుముందు ఏం జరిగేదంటే, జైర్ సంగతి చూడండి. ఇప్పటి కాంగో. అక్కడ మొబుటు రాజ్యం. 1978లో అంతర్జాతీయ ద్రవ్యనిధి, అదే ఐఎంఎఫ్ వాళ్లు ఎర్విన్ బ్లూమెంథాల్ అనే జర్మన్ బ్యాంకరును తీసుకెళ్లి అక్కడి సెంట్రల్ బ్యాంకులో కూర్చోబెట్టారు. ఆయన ఎక్కువ కాలం నిలవలేకపోయాడు. అప్పులిచ్చినవాళ్లకు డబ్బు తిరిగొచ్చే ఆశ లేదని 1982లో నివేదిక రాసిచ్చాడు. ఇంతకన్నా స్పష్టంగా ఏ ఆడిటరూ రాయలేడు. అయినా మొబుటుకు అప్పులు ఆగలేదు. అవి అమెరికా, రష్యాల మధ్య ప్రచ్ఛన్న యుద్ధం రోజులు. మనవాడైతే చాలు, ఎంత తిన్నా ఫరవాలేదు.

ఇటువైపు లంచం ఇచ్చే దేశాల సంగతి ఇంకా విచిత్రం. విదేశీ అధికారులకు లంచమివ్వడం నేరమని అమెరికా 1977లోనే చట్టం చేసింది. మిగతావాళ్లు చేయలేదు. జర్మనీలో అయితే, విదేశంలో ఇచ్చిన లంచాన్ని వ్యాపార ఖర్చు కింద చూపించుకుని పన్ను తగ్గించుకునే వీలు తొంభైల చివరిదాకా ఉంది. ధనిక దేశాల కూటమి ఓఈసీడీలో 1997లో ఒప్పందం కుదిరాకే అది ఆగింది. పాత అలవాటు ఎక్కడికి పోతుంది? సీమెన్స్ కంపెనీ 2008లో అమెరికాకూ జర్మనీకీ కలిపి దాదాపు 160 కోట్ల డాలర్లు కట్టుకోవాల్సి వచ్చింది. ఆ మరుసటి ఏడు ప్రపంచ బ్యాంకుతో రాజీ పడి, అవినీతి వ్యతిరేక కార్యక్రమాలకు పదిహేనేళ్లలో 10 కోట్ల డాలర్లు ఇస్తానని ఒప్పుకుంది. లంచాలిచ్చి దొరికిన కంపెనీ డబ్బుతో లంచాల మీద వర్క్‌షాపులు. పోనీలెండి, ఎక్కడో ఒకచోట ఖర్చయింది.

ఇప్పుడు ఉగాండాకు వద్దాం. కొలవడం అని ఇందాక అన్నానే, అది అక్కడ బాగా కనిపిస్తుంది.

తొంభైల మొదట్లో అక్కడి ప్రభుత్వం ప్రాథమిక పాఠశాలలకు పిల్లవాడికి ఇంత అని గ్రాంటు ఇచ్చేది. కేంద్ర ఖజానా నుంచి జిల్లాకు, జిల్లా నుంచి బడికి. బడ్జెట్ పుస్తకంలో అంతా సవ్యంగా ఉంది. బళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. 1996లో ప్రపంచ బ్యాంకు పరిశోధకులు రిత్వా రైనిక్కా, యాకొబ్ స్వెన్సన్ ఒక చిన్న పని చేశారు. 250 బళ్లను ఎంచుకుని, పైనుంచి ఎంత పంపామని ఖజానా రాసుకుందో, కింద ఎంత వచ్చిందని బడి రాసుకుందో రెండూ పక్కపక్కన పెట్టారు. 1991 నుంచి 1995 దాకా లెక్క చూస్తే, నూరు షిల్లింగులు బయల్దేరితే సగటున బడికి చేరింది 13. చాలా బళ్లకు అసలేమీ చేరలేదు.

రూపాయిలో 15 పైసలే పేదవాడికి చేరుతోందని 1985లో రాజీవ్ గాంధీ అన్నమాట మనందరికీ తెలుసు. నలభై ఏళ్లుగా ప్రతి సభలోనూ వాడుకుంటున్నాం. కానీ ఆయనది ఒక అంచనా. ఉగాండాలో బడి పేరుతో సహా చూపించారు. ఆడిటర్‌గా నాకు ఆ తేడా చాలా పెద్దది. అంచనాను ఎవరైనా కొట్టిపారేయొచ్చు. 'ఫలానా జిల్లా, ఫలానా బడి, ఫలానా నెల' అంటే మాత్రం జిల్లా అధికారి జవాబు చెప్పి తీరాలి.

ఆ తర్వాత అక్కడి ప్రభుత్వం ఏ జిల్లాకు ఏ నెల ఎంత పంపిందో పత్రికల్లో వేయించడం మొదలుపెట్టింది. ఎంత వచ్చిందో బడి గోడకు అంటించమన్నారు. 2001లో మళ్లీ కొలిస్తే నూటికి 80కి పైగా చేరుతోంది. ఇది ప్రపంచమంతా పాకింది. ప్రతి సెమినార్‌లో ఇదే కథ. పత్రికలో వేస్తే చాలు, అవినీతి పోతుందన్నంత దూరం తీసుకెళ్లారు. తర్వాత కొందరు నిదానంగా ఆలోచించి, ఆ ఐదారేళ్లలో ఇంకా చాలా మారాయి కదా అన్నారు. ఉచిత ప్రాథమిక విద్య వచ్చింది, గ్రాంటులిచ్చే పద్ధతి మారింది, దాతలు వెంటపడ్డారు. ఘనతంతా పేపర్ ప్రకటనకు కట్టబెట్టడం సరికాదు అన్నారు. నాకూ అదే సబబనిపిస్తుంది. అయినా మొట్టమొదట ఆ 13 అన్న అంకె లేకపోతే మిగతావేవీ కదిలేవి కావు.

రెండోది ఇండోనేషియా. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ, ఎందుకంటే ఇందులో రోడ్డు తవ్వుతారు.

రోడ్డు పనిలో డబ్బు ఎలా పోతుందో మీకు ఊహకందుతుంది కానీ, దగ్గరగా చూడండి. ఎం-బుక్ అంటే మెజర్‌మెంట్ బుక్. అందులో కంకర మందం 15 సెంటీమీటర్లు అని రాసి ఉంటుంది. రోడ్డు మీద పది కూడా ఉండదు. పైన రోలర్ తిప్పేశాక ఎవరికి తెలుస్తుంది? కంకర తోలిన ట్రాక్టర్ ట్రిప్పులు బిల్లులో ఉంటాయి. క్వారీ ఎంత దూరమో చూసి లెక్కేస్తే, ఆ ట్రాక్టర్ రాత్రింబవళ్లు ఆగకుండా తిరిగినా అన్ని ట్రిప్పులు కొట్టలేదు. ఒక ఫైల్లో ట్రాక్టర్ నంబరు తీసుకుని రవాణా శాఖ రికార్డులో వెతికిస్తే అది స్కూటర్ నంబరు. నవ్వకండి, బిల్లు పాసైంది. ఇంతా చేసి ఆడిటర్ కాగితమే చూస్తాడు. కాగితం ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

ప్రపంచ బ్యాంకు డబ్బుతో ఇండోనేషియాలో పల్లెలకు రోడ్లు వేసే కార్యక్రమం ఒకటి నడిచింది. బెంజమిన్ ఓల్కెన్ అనే ఆర్థికవేత్త జావాలో 608 ఊళ్లు తీసుకున్నాడు. మామూలుగా ఒక ఊరికి ప్రభుత్వ ఆడిట్ వచ్చే అవకాశం నూటికి నాలుగు. కొన్ని ఊళ్లకు పని మొదలెట్టకముందే, మీకు ఆడిట్ ఖాయంగా వస్తుందని చెప్పేశారు. కొన్ని ఊళ్లలో ఆడిట్ కాకుండా జనాన్ని పిలిచారు. లెక్కలు చెప్పే సభకు రండని ఇంటింటికీ ఆహ్వానాలు పంచారు. పని అయ్యాక ఇంజినీర్లను పంపి రోడ్డును గుంటలు తవ్వించి, ఎంత రాయి, ఎంత ఇసుక పడిందో కొలిపించాడు. చుట్టుపక్కల దుకాణాల్లో ధరలు, కూలీలకు ముట్టిన డబ్బు విడిగా కనుక్కున్నాడు. పనిలో సహజంగా కొంత సామాను వృథా అవుతుంది కదా, దాన్నీ దొంగతనం కింద రాయకూడదని, తానే చిన్న చిన్న రోడ్లు వేయించి ఆ వృథా ఎంతో తేల్చుకున్నాడు. నా సర్వీసులో అలాంటి ఆడిట్ పార్టీ ఒక్కటుంటే ఎంత బావుండేదో!

చివరికి ఏం తేలిందంటే, ఆడిట్ ఖాయమన్న ఊళ్లలో మాయమైన ఖర్చు దాదాపు ఎనిమిది శాతం పాయింట్లు తగ్గింది. జనాన్ని సభకు పిలిచిన చోట మొత్తం మీద పెద్దగా తేడా రాలేదు. కూలి డబ్బు తినడం కొంత తగ్గింది, ఎందుకంటే అది నా జేబులోది. సిమెంటు, కంకర ఎవరిదీ కాదు, దాన్ని పట్టించుకునేవాడు లేడు. ప్రజల భాగస్వామ్యం అని ఊరికే జపం చేసేవాళ్లకు ఇది కాస్త చేదు. ఇంకో తమాషా కూడా ఉంది. ఆడిట్ వస్తుందన్న ఊళ్లలో పెద్దమనుషులు తమ చుట్టాలకు పనులిప్పించడం పెరిగింది. కంకర తినడానికి వీల్లేదు, పోనీ మా బావమరిదికైనా కూలి దొరకనీ అని. ఆ దారి మూస్తే ఈ దారి.

మరి ఇంత బాగా కొలవగలిగినప్పుడు అన్ని ప్రాజెక్టుల్లోనూ ఎందుకు కొలవరు? ఇక్కడే ఈ సంస్థల అసలు జబ్బు ఉంది.

విదేశీ నిధుల ప్రాజెక్టు ఆఫీసులో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే 'మిషన్ వస్తోంది' అన్నమాట వినే ఉంటారు. ఆరేడు నెలలకోసారి బ్యాంకు బృందం తనిఖీకి వస్తుంది. వారం ముందునుంచీ ఆఫీసంతా టెన్షన్. ఫైళ్లకు కొత్త అట్టలు. చూపించే ఊరు ముందే ఖరారు. వాళ్లొచ్చి పవర్‌పాయింట్ చూసి, బాగున్న రోడ్డు మీద ఫొటో దిగి, చివర్లో ఎయిడ్ మెమోయిర్ అని ఒక కాగితం రాసి వెళ్తారు. అందులో అందరికన్నా పెద్ద ఫిర్యాదు ఏమిటనుకున్నారు? డబ్బు తగినంత వేగంగా ఖర్చు పెట్టడం లేదని! అప్పు మంజూరైతే ఆ అధికారికి పేరు, అప్పు ఆపితే తలనొప్పి. ఇది నేను కనిపెట్టింది కాదు. 1992లో బ్యాంకు తన పనితీరు మీద తానే వేయించుకున్న వాపెన్‌హాన్స్ నివేదికే, మా వాళ్లకు అప్పు మంజూరు చేయించడం మీదున్న ధ్యాస అది ఎలా నడుస్తోందన్న దాని మీద లేదని చెప్పింది.

2020లో బ్యాంకు నుంచే ఒక పరిశోధన వచ్చింది. సాయం మీదే ఎక్కువగా బతికే 22 దేశాలకు డబ్బు విడుదలైన మూడు నెలల్లోనే ఆ దేశాల పేరు మీద స్విట్జర్లాండ్ లాంటి చోట్ల బ్యాంకు డిపాజిట్లు పెరుగుతున్నాయి. వచ్చిన సాయంలో సగటున 7.5 శాతం అలా జారిపోతోందని లెక్క తేలింది. ఆ పరిశోధన ప్రచురణ కొంతకాలం ఆగింది, ఎందుకాపారని పత్రికల్లో గొడవైంది, తర్వాత బయటికొచ్చింది. పారదర్శకత గురించి ఊరందరికీ చెప్పే సంస్థకు కూడా తన లెక్క దగ్గరికొచ్చేసరికి చెయ్యి వణికింది.

నల్ల జాబితా సంగతి మన తెలుగువాళ్లకు బాగా దగ్గర. సత్యం కంప్యూటర్స్‌ను ప్రపంచ బ్యాంకు ఎనిమిదేళ్లు తన పనులకు దూరం పెట్టిన సంగతి 2008 డిసెంబర్‌లో బయటపడింది. బ్యాంకు సిబ్బందికి అనుచిత ప్రయోజనాలు కలిగించిందన్నది కారణం. రెండు వారాలు తిరిగాయో లేదో, 2009 జనవరి 7న ఆ కంపెనీ అధిపతి రామలింగరాజు లెక్కల్లో మోసం ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం. ఆ వెంటనే ఇంకో సంగతి తెలిసింది. మన బెంగళూరు విప్రోను కూడా 2007 నుంచి నాలుగేళ్లపాటు పక్కన పెట్టారట. 2000లో అమెరికాలో షేర్లు జారీ చేసినప్పుడు బ్యాంకు ఉద్యోగులకు కొన్ని ఇవ్వజూపారని బ్యాంకు అంది. అవి నిబంధనల ప్రకారం నడిచిన పథకంలో భాగమేనని కంపెనీ అంది. ఎవరు రైటన్నది పక్కన పెట్టి తేదీలు చూడండి. 2007లో వేసిన వేటు లోకానికి తెలిసింది 2009లో. రోడ్లు, ఆసుపత్రుల కాంట్రాక్టర్ల పేర్లు వెబ్‌సైట్‌లో పెట్టే బ్యాంకు, తన ఆఫీసుకు సరుకులు, సేవలు అమ్మే కంపెనీల పేర్లు అప్పటిదాకా గుట్టుగా ఉంచింది.

ఇక అప్పు ఆపడం. ఇది పెద్ద ఆయుధం, అందుకే ఎటు తగులుతుందో తెలియదు. బంగ్లాదేశ్‌లో పద్మ నది మీద వంతెనకు ప్రపంచ బ్యాంకు 120 కోట్ల డాలర్లు ఇస్తానంది. పర్యవేక్షణ కాంట్రాక్టు కోసం కెనడా కంపెనీ ఎస్ఎన్‌సీ లావలిన్ మనుషులు అక్కడి అధికారులకు లంచం ఇవ్వజూపారని బ్యాంకుకు సమాచారం అందింది. దర్యాప్తు సరిగా చేయండని ఢాకాను అడిగారు. తృప్తి కలగలేదు. 2012 జూన్‌లో అప్పు రద్దు చేశారు. 2013లో ఆ కంపెనీ విభాగం మీద పదేళ్ల నిషేధం. అంతా సినిమాలాగా ఉంది కదా. తర్వాత 2017లో కెనడా కోర్టులో కేసు వీగిపోయింది. ఫోన్లు విని సేకరించిన ఆధారాలు చెల్లవని జడ్జి కొట్టేశాడు, నిందితులు బయటపడ్డారు. ఈలోగా బంగ్లాదేశ్ ప్రభుత్వం మీ డబ్బే అక్కర్లేదని సొంత నిధులతో వంతెన కట్టుకుని 2022 జూన్‌లో ప్రారంభించింది, బ్యాంకును నాలుగు మాటలని మరీ.

కోర్టు కొట్టేసింది కాబట్టి బ్యాంకు తప్పు చేసిందని చాలామంది తేల్చేశారు. నేను అలా అనను. బ్యాంకుది క్రిమినల్ కోర్టు కాదు, వాళ్లకు కావలసింది 'జరిగి ఉండడానికే ఎక్కువ అవకాశం' అన్నంత ఆధారం. మనం కాంట్రాక్టరు మీద నమ్మకం పోతే పని తీసేస్తాం, దానికి జైలుశిక్ష పడాల్సిన పనిలేదు. కాకపోతే వంతెన లేక పడవల్లో నది దాటే జనానికి ఆ గొడవతో సంబంధం ఏముంది? డబ్బు ఆపడం ఎప్పుడూ చిక్కే. ఎద్దు పుండు కాకికి ముద్దా అన్న సామెత నాకు ఇక్కడ గుర్తొస్తుంది.

మన దేశంలో అప్పు ఆపకుండా మరో దారి తొక్కారు. 2008 మొదట్లో బ్యాంకు మన దేశంలోని ఐదు ఆరోగ్య ప్రాజెక్టులను లోతుగా తిరగేసిన నివేదిక బయటపెట్టింది. మలేరియా, క్షయ ప్రాజెక్టులు కూడా అందులో ఉన్నాయి. టెండర్లలో కుమ్మక్కు గుర్తులు దొరికాయి. ఒడిశాలో పని పూర్తయిందని సర్టిఫికెట్ ఉన్న ఆసుపత్రుల్లో కప్పులు కారుతున్నాయి. ఆ నివేదిక ఇప్పటికీ దొరుకుతుంది, ఓపికుంటే చదవండి. మన కాంట్రాక్టర్లు 'రింగవడం' అంటే ఏమిటో ఇంగ్లీషులో ఎలా రాస్తారో తెలుస్తుంది.

బయటివాళ్లు అవినీతి నిరోధక సంస్థలు పెట్టించడం గురించి క్లుప్తంగా చెబుతాను. హాంకాంగ్‌లో 1974లో పెట్టిన కమిషన్ బాగా పనిచేసింది కదా అని ఎన్నో దేశాల్లో అలాంటిదే పెట్టించారు. చాలాచోట్ల బోర్డు మిగిలింది. ఒక్క గ్వాటెమాలా కథ మాత్రం చెప్పుకోవాలి. అక్కడ ఐక్యరాజ్యసమితి మద్దతుతో 2007లో ఒక కమిషన్ వచ్చింది. విదేశీ లాయర్లు స్థానిక ప్రాసిక్యూటర్ల పక్కన కూర్చుని కేసులు కట్టారు. 2015లో కస్టమ్స్ కుంభకోణం తవ్వితే ఏకంగా దేశాధ్యక్షుడు ఒట్టో పెరెస్ మోలినా దాకా పోయింది. ప్రతివారం జనం రోడ్లమీదికొచ్చారు. ఆయన రాజీనామా చేసి కటకటాల్లోకి వెళ్లాడు. ఆ ఊపులో, నేను అవినీతిపరుణ్ణి కాను, దొంగనూ కాను అంటూ ప్రచారం చేసిన జిమ్మీ మొరాలెస్ అనే హాస్యనటుడు అధ్యక్షుడయ్యాడు. ఆ కమిషన్ ఆయన ఎన్నికల ఖర్చు, ఆయన కుటుంబసభ్యుల లెక్కలు అడగడం మొదలెట్టగానే హాస్యం పోయింది. 2019 సెప్టెంబర్‌లో కమిషన్ మూతపడింది. అక్కడి ప్రభుత్వం రమ్మంటేనే వచ్చిన అతిథి కదా, పొమ్మంటే పోవాల్సిందే.

ఉక్రెయిన్‌లో కథ ఇంకోలా తిరిగింది. అప్పులిచ్చే ఐఎంఎఫ్, చేర్చుకునే యూరోపియన్ యూనియన్ పట్టుబట్టి 2015లో ఒక దర్యాప్తు సంస్థ, 2019లో ప్రత్యేక కోర్టు పెట్టించాయి. 2025 జులైలో, యుద్ధం నడుస్తుండగానే, ఆ దర్యాప్తు సంస్థ, అవినీతి కేసుల ప్రాసిక్యూటర్ల స్వతంత్రత తీసేస్తూ పార్లమెంటు చట్టం చేసింది. కుర్రకారు అట్టముక్కల మీద నినాదాలు రాసుకుని వీధుల్లోకి వచ్చారు. బయటినుంచి నిధుల బెదిరింపు. పది రోజులు తిరక్కుండానే చట్టాన్ని వెనక్కి తిప్పారు. అక్కడ లోపల అడిగేవాళ్లున్నారు, బయటివాడి మాటకు బలం దొరికింది.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. బెంగళూరు ఈ విషయంలో నేర్చుకున్న ఊరు కాదు, నేర్పిన ఊరు. శామ్యూల్ పాల్ గారు అహ్మదాబాద్ ఐఐఎం డైరెక్టర్‌గా చేసి, ప్రపంచ బ్యాంకులో పనిచేసి, ఇక్కడ స్థిరపడ్డారు. తొంభైల మొదట్లో ఈ ఊళ్లో నీళ్లు, కరెంటు, ఇళ్ల స్థలాల కోసం తిరిగే జనాన్ని పట్టుకుని, ఏ ఆఫీసుకు ఎన్ని మార్కులేస్తారు, లంచం ఇచ్చారా, ఎంత అని సర్వే చేయించారు. పిల్లలకిచ్చే ప్రోగ్రెస్ రిపోర్టులాగా 1994లో 'రిపోర్ట్ కార్డు' వేశారు. ఫలితాలు పేపర్లలో వచ్చాయి. మొదట ఆఫీసులు భుజాలు తడుముకున్నాయి, తర్వాత కొన్ని దారికొచ్చాయి. 1999లో, 2003లో మళ్లీ వేశారు. మూడోసారికి మార్కులు బాగా మెరుగయ్యాయి. ఈ పద్ధతిని ప్రపంచ బ్యాంకు ఇక్కడినుంచి ఎత్తుకెళ్లి ఫిలిప్పీన్స్‌లో వాడింది.

'భూమి' ప్రాజెక్టు కూడా అంతే. కర్ణాటకలో రెండు కోట్ల భూమి రికార్డులు కంప్యూటర్‌లోకి ఎక్కించి, 177 తాలూకా కేంద్రాల్లో పదిహేను రూపాయలకు పహణి, అంటే భూమి ఎవరిదో, ఏం సాగవుతోందో చూపే కాగితం, చేతికిచ్చారు. అంతకుముందు విలేజ్ అకౌంటెంటు దయ. పాత పద్ధతిలో లంచమిచ్చామన్నవాళ్లు నూటికి 66 మంది, కొత్తదాంట్లో ముగ్గురే అని అప్పటి ఒక సర్వే. ప్రపంచ బ్యాంకువాళ్లు దీన్ని మెచ్చుకుంటూ రాసినదానికి లెక్కలేదు. వాళ్లు అంతగా రాయనిది ఇంకోటుంది. పహణి తీసుకోవడం సులువైంది కానీ, పేరు మార్పిడి దగ్గర చేతివాటం పోలేదు. పైగా ఎవరి భూమి ఎక్కడుందో కంప్యూటర్‌లో కనిపించేసరికి బెంగళూరు చుట్టుపక్కల పెద్ద కొనుగోలుదారుల పనే తేలికైందని కొందరు పరిశోధకులు గట్టిగా వాదించారు. ఈ ఊరి శివార్లలో పొలం అమ్ముకున్న రైతుల్ని అడిగితే వాళ్లు ఏమంటారో మీలో చాలామందికి తెలుసు.

2010 ఆగస్టు 15న ఇక్కడి జనాగ్రహ సంస్థ 'ఐ పెయిడ్ ఎ బ్రైబ్' అని వెబ్‌సైట్ పెడితే, కెన్యా లాంటి దేశాలు కూడా దాన్ని అనుకరించాయి. మద్రాసువాళ్లు సున్నా రూపాయి నోటు అచ్చేసి లంచమడిగినవాడి చేతిలో పెట్టమన్నారు. సరదా ఆలోచన. ఎంత పనిచేసిందో చెప్పలేను గానీ, ఆ నోటు తీయడానికి గుండెధైర్యం కావాలి.

నా మాటలు ఇక్కడితో ఆపుతాను. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: అమెరికావాళ్లు యూఎస్‌ఎయిడ్‌నే మూసేశారు కదా సార్, ఇక ఈ సాయం అంతా అయిపోయినట్టేనా?

అంతా అయిపోలేదు గానీ గట్టి దెబ్బే. 2025 జనవరిలో విదేశీ సాయం ఆపారు, జులై 1 నాటికి ఆ సంస్థ తలుపులు మూసింది. ఇందాక చెప్పిన 1977 చట్టం కింద కొత్త కేసులు పెట్టడం ఫిబ్రవరిలో కొన్నాళ్లు ఆపి, తర్వాత కొత్త మార్గదర్శకాలు పెట్టారు. చిన్న దేశాల్లో లెక్కలడిగే పత్రికలు, స్వచ్ఛంద సంస్థలు చాలావరకు ఇలాంటి డబ్బు మీదే నడుస్తున్నాయి. వాళ్లకు జీతాలు లేవు. రోడ్లకు అప్పులిచ్చేవాళ్లు ఉంటారు, ఆ రోడ్డు మందం కొలిచేవాడికి డబ్బిచ్చేవాళ్లు తగ్గారు. మనకు నేరుగా పెద్ద తేడా ఉండదు, మన బడ్జెట్‌లో విదేశీ సాయం వాటా చాలా చిన్నది.

ప్రశ్న: మన ఆంధ్రాలో ఎవరైనా ఇలా కొలిచారా?

కొలిచారు. ఉపాధి హామీ కూలి డబ్బు, పింఛన్లు వేలిముద్ర కార్డు మీద ఇవ్వడం మొదలెట్టినప్పుడు, కార్తీక్ మురళీధరన్ గారు ఇద్దరు సహచరులతో కలిసి 157 మండలాల్లో పరీక్షించారు. ఉపాధి డబ్బులో లీకేజీ 41 శాతం తగ్గింది. అసలు సంగతి ఇంకోటుంది. మధ్యలో ఆ కార్డుల్ని ఎత్తేద్దామా అన్నదాకా వచ్చింది. మామూళ్లు పోయినవాళ్ల గోడు నాయకుల చెవిన రోజూ పడుతుంది, కూలీ గోడు పడదు. కార్డే బాగుందని ఎక్కువమంది కూలీలు చెప్పిన సర్వే చూపించాకే ఆ మాట ఆగింది.

ప్రశ్న: అవన్నీ సరే సార్. ఇక్కడ ఖాతా మార్పిడికి, అంటే మునిసిపల్ రికార్డులో ఆస్తిని నా పేరు మీదికి మార్పించుకోవడానికి, నేనే లంచం ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఇవ్వకపోతే ఫైలు కదలదు. నేనేం చేయాలి?

మీరు ఒక్కరే కాదు, చేతులెత్తమంటే సగం హాలు లేస్తుంది. ఒక విషయం చాలామందికి తెలియదు. ఐక్యరాజ్యసమితి అవినీతి వ్యతిరేక ఒడంబడిక 2003లో వచ్చింది, మన దేశం 2011లో ఆమోదించింది. దానికి తగ్గట్టు 2018లో మన చట్టం మార్చారు. ఇప్పుడు లంచం ఇవ్వడం కూడా నేరమే. బలవంతం మీద ఇచ్చినవాళ్లకు ఒక మినహాయింపు ఉంది. ఏడు రోజుల్లోపు పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్పాలి. అడిగినప్పుడే, ఇవ్వకముందే లోకాయుక్త దగ్గరికి వెళితే ఇంకా మంచిది. వాళ్లే వల పన్నుతారు. మీ ఫైలు తర్వాత ఎన్నాళ్లు ఆగుతుందని అడుగుతారేమో, దానికి చట్టంలో జవాబు లేదు.

ప్రశ్న: మాది చిన్న కంపెనీ. ఒక మునిసిపల్ ప్రాజెక్టులో సబ్‌కాంట్రాక్టు వస్తోంది, డబ్బు ఆసియా అభివృద్ధి బ్యాంకుది. ఏం చూసుకోవాలి?

మంచి ప్రశ్న. సబ్‌కాంట్రాక్టరు మనకేం సంబంధం అనుకుంటాడు. ఉంది. మీ బిల్లులు, బ్యాంకు ఖాతాలు తనిఖీ చేసే హక్కు ఆ ఒప్పందంలోనే రాసి ఉంటుంది, చదివి సంతకం పెట్టండి. అర్హత కోసం దొంగ అనుభవ పత్రం పెట్టి దొరికిపోయే చిన్న కంపెనీలే ఎక్కువ. 2010లో ప్రపంచ బ్యాంకు, ఆసియా, ఆఫ్రికా, యూరప్, లాటిన్ అమెరికాలకు అప్పులిచ్చే అలాంటి మరో నాలుగు బ్యాంకులు కలిసి ఒప్పందం చేసుకున్నాయి. ఒకరు ఏడాదికి మించి నిషేధించి పేరు ప్రకటిస్తే మామూలుగా మిగతా నలుగురూ నిషేధిస్తారు. మీకు పని ఇస్తున్న పెద్ద కంపెనీ పేరు కూడా ముందే చూసుకోండి. ప్రపంచ బ్యాంకు వెబ్‌సైట్‌లో జాబితా ఉంది, లాగిన్ అక్కర్లేదు, పేరు కొడితే చాలు. స్పెల్లింగు రెండు మూడు రకాలుగా కొట్టి చూడండి, మనవాళ్లు ప్రైవేటు లిమిటెడ్‌లు మారుస్తూ ఉంటారు.